టెడ్ విలియమ్స్

టెడ్ విలియమ్స్ (ఆగష్టు 30, 1918 – జూలై 5, 2002) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ బేస్‌బాల్ క్రీడాకారుడు. పూర్తి పేరు థియొడోర్ శామ్యూల్ విలియమ్స్. 1939 నుండి 1960 వరకు బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకు మాత్రమే ఆడాడు. బేస్‌బాల్ చరిత్రలోని అత్యుత్తమ బ్యాట్స్‌మన్‌లలో ఒకడిగా ఆయనను పరిగణిస్తారు. ఆయన జీవితకాలపు బ్యాటింగ్ సగటు 0.344, హోమ్ రన్‌లు 521. ఆరుసార్లు అమెరికన్ లీగ్‌లో అత్యధిక సగటు సాధించాడు. ఇంతటి ఆటగాడు ఉండి కూడా, ఆయన కాలంలో రెడ్ సాక్స్ జట్టు ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ గెలవలేకపోయింది. 1946, 1948, 1949 సంవత్సరాలలో విజయం అంచు దాకా వచ్చి, ప్రతిసారీ చివరి ఆటలో ఓడిపోయింది.

రెడ్ సాక్స్ జట్టు 1918 సెప్టెంబరు 11న వరల్డ్ సిరీస్ గెలిచింది. అప్పటికి విలియమ్స్ పన్నెండు రోజుల పసికందు. ఆ జట్టు మరల ఆ విజయాన్ని అందుకున్నది 2004లో, అనగా ఆయన మరణించిన రెండేళ్ళ తరువాత. ఆ విధంగా ఆయన ఎనభైమూడేళ్ళ జీవితం దాదాపు పూర్తిగా ఆ నిరీక్షణలోనే గడిచిపోయింది.

ఆట గురించి కొంత పరిచయం

బేస్‌బాల్‌తో పరిచయం లేని పాఠకులకు కొన్ని విషయాలు తెలియడం అవసరం. విలియమ్స్ కాలంలో అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ అని రెండు లీగులు ఉండేవి. ఒక్కొక్క దానిలో ఎనిమిది జట్లు. ప్రతి జట్టు ఏప్రిల్ నుండి అక్టోబరు మొదటివారం వరకు 154 ఆటలు ఆడేది. ప్రతి లీగులోనూ ప్రథమ స్థానంలో నిలిచిన ఒక్క జట్టు మాత్రమే వరల్డ్ సిరీస్‌కు అర్హత పొందేది. సెమీఫైనల్స్ వంటివి ఉండేవి కావు. కనుక ఒక్క ఆట తేడాతో రెండవ స్థానంలో నిలిచిన జట్టుకు ఆరు నెలల శ్రమ వ్యర్థమైనట్లే. వరల్డ్ సిరీస్‌లో ఏడు ఆటలకుగాను ముందుగా నాలుగు గెలిచిన జట్టు విజేత.

బ్యాటింగ్ సగటు లెక్క క్రికెట్ లెక్క వంటిది కాదు. బ్యాట్స్‌మన్ ఎన్ని ప్రయత్నాలలో ఎన్నిసార్లు బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరుకున్నాడన్నదే ఇక్కడి సగటు. పదింటిలో మూడుసార్లు సఫలమైతే, అనగా 0.300 సగటు ఉంటే, అతడు మేటి ఆటగాడే. పిచ్చర్ కొట్టడానికి వీలుకాని బంతులు నాలుగు వేస్తే బ్యాట్స్‌మన్ ఉచితంగా మొదటి బేస్‌కు నడచిపోవచ్చు. దీనిని వాక్ అంటారు. వాక్‌లు సగటు లెక్కలోకి రావు.

బాల్యము

విలియమ్స్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ డియెగో నగరంలో జన్మించాడు. తండ్రి శామ్యూల్ స్టువర్ట్ విలియమ్స్ ఫొటోగ్రాఫరు. తల్లి మే వెన్జర్ మెక్సికన్ సంతతికి చెందినది. ఆమె సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థలో పనిచేస్తూ ఎక్కువ సమయం వీధులలోనే గడిపేది. తల్లిదండ్రులిద్దరూ ఇంటిపట్టున ఉండకపోవడంతో విలియమ్స్, ఆయన తమ్ముడు చాలావరకు తమంత తామే పెరిగారు. ఇంటికి దగ్గరలోని ఆటస్థలమే ఆయనకు రెండవ ఇల్లయింది. మేనమామ సాల్ వెన్జర్ ఆయనకు బంతి విసరడం నేర్పాడు.

హూవర్ ఉన్నత పాఠశాలలో చదువుతుండగానే 1936లో శాన్ డియెగో పాడ్రెస్ అనే స్థానిక వృత్తి జట్టులో చేరాడు. రెడ్ సాక్స్ జట్టు నిర్వాహకుడు ఎడ్డీ కాలిన్స్ ఆయన ప్రతిభను గుర్తించి ఒప్పందం కుదుర్చుకున్నాడు. 1938లో మినియాపోలిస్ జట్టు తరఫున ఆడి తన లీగులో సగటు, హోమ్ రన్‌లు, చేయించిన పరుగులు అనే మూడు అంశాలలోనూ ప్రథముడిగా నిలిచాడు. ఈ ఘనతను ట్రిపుల్ క్రౌన్ అంటారు.

రెడ్ సాక్స్‌లో తొలి సంవత్సరాలు

1939 ఏప్రిల్ 20న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో విలియమ్స్ మొదటి ఆట ఆడాడు. ఆ సంవత్సరం 145 పరుగులు చేయించి, కొత్త ఆటగాడై ఉండి కూడా లీగులో ప్రథముడయ్యాడు. పొడవుగా, సన్నగా ఉండే ఈ ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి బోస్టన్ ప్రేక్షకులు ఎంతో అభిమానించారు. హోమ్ రన్ కొట్టినప్పుడు ఆయన కూడా టోపీ ఎత్తి సంతోషంగా అభివాదం చేసేవాడు. అయితే 1940లో ఆట కొంత తగ్గినప్పుడు అదే ప్రేక్షకులలో కొందరు ఎగతాళి చేశారు. బోస్టన్ పత్రికల విలేఖరులు కూడా తీవ్రంగా విమర్శించారు. ఆయన మనసు విరిగి, ఇకమీదట టోపీ ఎత్తనని నిశ్చయించుకున్నాడు. ఆడినంతకాలం ఆ పట్టు విడువలేదు.

1941వ సంవత్సరం ఆయన కీర్తికి మూలం. సీజను చివరి రోజుకు ఆయన సగటు 0.39955. దీనిని సవరిస్తే 0.400 అవుతుంది. ఆ రోజు ఆడకుండా కూర్చుంటే ఆ ఘనత పదిలంగా ఉంటుందని మేనేజరు జో క్రోనిన్ అవకాశమిచ్చాడు. విలియమ్స్ అందుకు అంగీకరించలేదు. సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియాలో జరిగిన రెండు ఆటలలోనూ ఆడి, ఎనిమిది ప్రయత్నాలలో ఆరుసార్లు సఫలుడై 0.406 సగటుతో సీజను ముగించాడు. ఆ తరువాత అమెరికన్ లీగులో గాని, నేషనల్ లీగులో గాని ఎవ్వరూ 0.400 చేరుకోలేదు. అయినప్పటికీ ఆ ఏటి అత్యుత్తమ క్రీడాకారుడి పురస్కారం వరుసగా 56 ఆటలలో హిట్ సాధించిన యాంకీస్ ఆటగాడు జో డిమాజియోకు దక్కింది. రెడ్ సాక్స్ జట్టు యాంకీస్ కంటే 17 ఆటలు వెనుకబడి రెండవ స్థానంలో నిలిచింది.

1942లో విలియమ్స్ అమెరికన్ లీగ్ ట్రిపుల్ క్రౌన్ గెలుచుకున్నాడు. పిమ్మట రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా 1943, 1944, 1945 సీజన్లు పూర్తిగా కోల్పోయాడు. ఆ కాలంలో విమానచోదకుడిగా శిక్షణ పొంది, ఇతరులకు శిక్షణ ఇచ్చాడు.

1946: ఏడవ ఆట

యుద్ధం నుండి తిరిగివచ్చిన విలియమ్స్ 1946లో 0.342 సగటు, 38 హోమ్ రన్‌లు సాధించి తొలిసారి అత్యుత్తమ క్రీడాకారుడి పురస్కారం పొందాడు. ఎడమచేతి వాటం గల ఆయన బంతిని ఎక్కువగా మైదానం కుడివైపునకే కొడతాడని గమనించి, జూలైలో క్లీవ్‌లాండ్ జట్టు మేనేజరు లూ బౌడ్రూ తన ఫీల్డర్లలో అత్యధికులను కుడివైపునకు తరలించాడు. ఇతర జట్లు కూడా ఈ వ్యూహాన్ని అనుకరించాయి. సెప్టెంబరు 13న అదే క్లీవ్‌లాండ్‌లో విలియమ్స్ ఖాళీగా ఉన్న ఎడమవైపునకు బంతిని కొట్టి, నాలుగు బేస్‌లూ పరుగెత్తి హోమ్ రన్ పూర్తిచేశాడు. బంతి మైదానం దాటకుండా ఆయన సాధించిన హోమ్ రన్ జీవితంలో అదొక్కటే. 1–0 తేడాతో గెలిచిన ఆ ఆటతో రెడ్ సాక్స్‌కు లీగు విజయం ఖాయమైంది. ఆ జట్టు మొత్తం 104 ఆటలు గెలిచింది.

నేషనల్ లీగులో సెయింట్ లూయిస్ కార్డినల్స్, బ్రూక్లిన్ జట్లు సమానంగా నిలవడంతో వాటి మధ్య అదనపు ఆటలు జరిగాయి. అవి ముగిసేవరకు ఖాళీగా ఉండడమెందుకని రెడ్ సాక్స్ జట్టు ఒక ప్రదర్శన ఆట ఆడింది. అందులో ఒక బంతి తగిలి విలియమ్స్ కుడి మోచేయి వాచిపోయింది. తరువాత జరిగిన వరల్డ్ సిరీస్‌లో ఆయన 25 ప్రయత్నాలలో ఐదుసార్లు మాత్రమే సఫలుడయ్యాడు. సగటు 0.200. ఒక్క హోమ్ రన్ కూడా లేదు. ఆయన ఆడిన వరల్డ్ సిరీస్ ఇదొక్కటే.

అక్టోబరు 15న సెయింట్ లూయిస్‌లో ఏడవ ఆట జరిగింది. ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో స్కోరు 3–3గా ఉండగా కార్డినల్స్ ఆటగాడు ఈనోస్ స్లాటర్ మొదటి బేస్‌పై ఉన్నాడు. హారీ వాకర్ కొట్టిన బంతి ఎడమ మధ్యభాగంలో పడింది. బంతిని అందుకున్న లియాన్ కల్బర్సన్ దానిని జానీ పెస్కీకి విసిరాడు. పెస్కీ దానిని హోమ్‌కు పంపేలోగా స్లాటర్ ఎక్కడా ఆగకుండా పరుగెత్తి విజయపు పరుగు పూర్తిచేశాడు. పెస్కీ ఒక్క క్షణం తటపటాయించాడని కొందరు, లేదని మరికొందరు దశాబ్దాలపాటు వాదించుకున్నారు. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఆటగాళ్ళు బేస్‌లపై ఉన్నప్పటికీ బోస్టన్ పరుగు చేయలేకపోయింది. కార్డినల్స్ 4–3తో గెలిచింది. తిరుగు ప్రయాణంలో రైలు గదిలో ఒంటరిగా కూర్చుని ఏడ్చానని విలియమ్స్ తరువాత తన ఆత్మకథలో వెల్లడించాడు.

1948, 1949: చివరి రోజులు

1947లో విలియమ్స్ రెండవసారి ట్రిపుల్ క్రౌన్ గెలిచినా, అత్యుత్తమ క్రీడాకారుడి పురస్కారం ఒకే ఒక్క పాయింటు తేడాతో (202–201) జో డిమాజియోకు వెళ్ళింది.

1948లో చివరి రోజున రెడ్ సాక్స్ యాంకీస్‌ను ఓడించగా, అదే రోజు క్లీవ్‌లాండ్ జట్టు డెట్రాయిట్ చేతిలో ఓడింది. రెండు జట్లూ 96 విజయాలతో సమానమయ్యాయి. అమెరికన్ లీగు చరిత్రలో మొదటిసారిగా విజేతను తేల్చడానికి ఒక అదనపు ఆట అవసరమయింది. నేషనల్ లీగులో అప్పటికే బోస్టన్ బ్రేవ్స్ గెలిచి ఉండడంతో, రెడ్ సాక్స్ కూడా గెలిస్తే వరల్డ్ సిరీస్ మొత్తం బోస్టన్ నగరంలోనే జరిగేది. అక్టోబరు 4న రెడ్ సాక్స్ సొంత మైదానమైన ఫెన్‌వే పార్కులో ఆట జరిగింది. మేనేజరు జో మెకార్తీ అందరూ ఊహించిన పిచ్చర్లను కాదని 36 ఏళ్ళ డెనీ గేల్‌హౌస్‌ను దింపాడు. బౌడ్రూ రెండు హోమ్ రన్‌లు కొట్టాడు. క్లీవ్‌లాండ్ 8–3తో గెలిచి, తరువాత వరల్డ్ సిరీస్ కూడా గెలుచుకుంది. గేల్‌హౌస్ ఎంపిక గురించి బోస్టన్ అభిమానులు తరతరాలుగా చర్చించుకున్నారు.

1949లో జూలై మొదటివారానికి రెడ్ సాక్స్ 12 ఆటలు వెనుకబడి ఉంది. అక్కడినుండి పుంజుకుని, చివరి రెండు ఆటలు మిగిలి ఉండగా యాంకీస్ కంటే ఒక ఆట ముందుకు వచ్చింది. ఆ రెండు ఆటలూ యాంకీ స్టేడియంలో యాంకీస్‌తోనే. ఒక్కటి గెలిస్తే చాలు. అక్టోబరు 1న బోస్టన్ 4–0 ఆధిక్యంలో ఉండి కూడా 5–4తో ఓడింది. మరునాడు ఎనిమిదవ ఇన్నింగ్స్ వరకు యాంకీస్ ఆధిక్యం ఒక్క పరుగే. అప్పటిదాకా చక్కగా విసురుతున్న ఎలిస్ కిండర్‌కు బదులు మెకార్తీ వేరొక బ్యాట్స్‌మన్‌ను పంపాడు. దానితో కిండర్ ఆట నుండి తప్పుకోవలసి వచ్చింది. తరువాత వచ్చిన పిచ్చర్లు నాలుగు పరుగులు ఇచ్చారు. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో బోస్టన్ మూడు పరుగులు చేసినా 5–3తో ఓటమి తప్పలేదు. చేతికందిన ముద్ద నోటికందకుండా పోయింది.

అదే రోజున విలియమ్స్ సొంతంగా కూడా ఒక గౌరవాన్ని తృటిలో కోల్పోయాడు. డెట్రాయిట్ ఆటగాడు జార్జ్ కెల్ సగటు 0.3429 కాగా విలియమ్స్ సగటు 0.3428. హోమ్ రన్‌లలోనూ, చేయించిన పరుగులలోనూ ప్రథమ స్థానం ఆయనదే కనుక, ఈ స్వల్పమైన తేడా లేకుంటే మూడవ ట్రిపుల్ క్రౌన్ లభించి ఉండేది. అయితే ఆ ఏడాది అత్యుత్తమ క్రీడాకారుడి పురస్కారం మాత్రం రెండవసారి ఆయనకే వచ్చింది.

1950లో ఆల్ స్టార్ ఆటలో బంతిని పట్టబోయి గోడకు గుద్దుకోవడంతో ఆయన ఎడమ మోచేయి విరిగింది. రెడ్ సాక్స్ నాలుగు ఆటల తేడాతో వెనుకబడింది. ఆ తరువాత ఆయన ఆడినంతకాలం ఆ జట్టు విజయానికి అంత చేరువగా రాలేదు.

ఓటములకు కారణాలు

ఆనాటి బోస్టన్ పత్రికలు చాలావరకు విలియమ్స్‌నే నిందించాయి. వరల్డ్ సిరీస్‌లోని ఏడు ఆటలు, 1948లోని అదనపు ఆట, 1949లోని చివరి రెండు ఆటలు కలిపి ముఖ్యమైన పది ఆటలలో ఆయన రాణించలేదని లెక్కలు చూపించాయి. ఈ విమర్శలో కొంత నిజం ఉన్నది. అయితే ఆయన లేకుంటే జట్టు ఆ పది ఆటల దాకా వచ్చేదే కాదన్నది కూడా అంతే నిజం.

జట్టు లోపాలు వేరే ఉన్నాయి. 1949లో రెడ్ సాక్స్ సొంత మైదానంలో 61 గెలిచి 16 మాత్రమే ఓడగా, బయట 35 గెలిచి 42 ఓడింది. ఫెన్‌వే పార్కు కొలతలకు తగినట్లు బ్యాట్స్‌మన్‌లను సమకూర్చుకున్న ఆ జట్టులో నమ్మదగిన పిచ్చర్లు తక్కువ. అన్నిటికంటే పెద్ద లోపం జాతి వివక్ష. 1945 ఏప్రిల్‌లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను ఫెన్‌వే పార్కులో పరీక్షించి కూడా రెడ్ సాక్స్ తీసుకోలేదు. 1947లో బ్రూక్లిన్ జట్టులో ప్రవేశించి రాబిన్సన్ చరిత్ర సృష్టించాడు. 1948లో బోస్టన్‌ను ఓడించిన క్లీవ్‌లాండ్ జట్టులో నల్లజాతి ఆటగాడు లారీ డోబీ ఉన్నాడు. ప్రధాన లీగులలోని జట్లన్నిటిలో చివరిగా, 1959లో రెడ్ సాక్స్ తన మొదటి నల్లజాతి ఆటగాడు పంప్సీ గ్రీన్‌ను తీసుకుంది. ఆట ప్రారంభానికి ముందు అందరి ఎదుట గ్రీన్‌తో కలిసి బంతి విసురుతూ విలియమ్స్ అతనికి అండగా నిలిచాడు.

కొరియా యుద్ధం, చివరి సీజన్లు

1952లో విలియమ్స్‌ను మరల సైన్యంలోకి పిలిచారు. కొరియా యుద్ధంలో జెట్ విమానచోదకుడిగా 39 దాడులలో పాల్గొన్నాడు. 1953 ఫిబ్రవరి 16న శత్రువుల కాల్పులలో దెబ్బతిన్న విమానాన్ని చక్రాలు లేకుండానే నేలపైకి దింపి ప్రాణాలతో బయటపడ్డాడు. రెండు యుద్ధాల వలన ఆయన దాదాపు ఐదు సీజన్లు కోల్పోయాడు.

1954లో 0.345 సగటు సాధించినా లీగు ప్రథమ స్థానం 0.341 సాధించిన బాబీ అవిలాకు దక్కింది. నియమం ప్రకారం 400 ప్రయత్నాలు అవసరం కాగా విలియమ్స్‌కు 386 మాత్రమే ఉన్నాయి. 136 వాక్‌లు లెక్కలోకి రాకపోవడమే దీనికి కారణం. తరువాత ఈ నియమాన్ని మార్చారు. 1957లో ముప్పైతొమ్మిదేళ్ళ వయసులో 0.388, మరుసటి ఏడు 0.328 సగటుతో ప్రథముడిగా నిలిచాడు.

1960 సెప్టెంబరు 28న ఫెన్‌వే పార్కులో చివరి ఆట ఆడాడు. ఆ రోజు వచ్చిన ప్రేక్షకులు 10,454 మంది మాత్రమే. తన చివరి ప్రయత్నంలో ఆయన 521వ హోమ్ రన్ కొట్టాడు. ప్రేక్షకులు లేచి ఎంతసేపు చప్పట్లు కొట్టినా టోపీ ఎత్తలేదు.

అనంతర జీవితం

1966లో ఆయనకు బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. ఆ సభలో ప్రసంగిస్తూ, వర్ణవివక్ష వలన ప్రధాన లీగులలో తగిన అవకాశం దక్కని శాచెల్ పేజ్, జోష్ గిబ్సన్ వంటి నల్లజాతి ఆటగాళ్ళకు కూడా అక్కడ చోటు కల్పించాలని కోరాడు. పేజ్‌కు 1971లో, గిబ్సన్‌కు 1972లో ఆ గౌరవం లభించింది. 2024లో నీగ్రో లీగుల గణాంకాలను అధికారికంగా ప్రధాన లీగుల గణాంకాలలో చేర్చినప్పుడు, గిబ్సన్ 1943లో సాధించిన 0.466 ఒక సీజనులో అత్యధిక సగటుగా నమోదయింది. జీవితకాలంలో అత్యధిక శాతం బేస్ చేరుకున్న రికార్డు (0.482) మాత్రం విలియమ్స్ పేరనే ఉంది.

1969 నుండి 1971 వరకు వాషింగ్టన్ సెనేటర్స్ జట్టుకు, ఆ జట్టు టెక్సాస్‌కు తరలిన తరువాత 1972లో కూడా మేనేజరుగా పనిచేశాడు. బ్యాటింగ్ మెళకువలపై ఆయన రాసిన పుస్తకం నేటికీ ఆటగాళ్ళకు పాఠ్యగ్రంథం వంటిది. క్యాన్సర్ బాధిత బాలల కోసం ఏర్పడిన జిమ్మీ ఫండ్ అనే సంస్థకు జీవితాంతం తోడ్పడ్డాడు. ఆస్పత్రిలోని పిల్లలను చూడడానికి వెళ్ళినప్పుడు విలేఖరులు వెంట రాకుండా జాగ్రత్తపడేవాడు.

1991 మే నెలలో ఫెన్‌వే పార్కులో తన పేరిట జరిగిన సన్మానంలో ఆయన టోపీ ఎత్తి అభివాదం చేశాడు. ఐదు దశాబ్దాల అలుక ఆ విధంగా తీరింది. 2002 జూలై 5న ఫ్లోరిడా రాష్ట్రంలో గుండె జబ్బుతో మరణించాడు. భౌతికకాయాన్ని అరిజోనాలో అతిశీతల పద్ధతిలో భద్రపరచడంపై ఆయన సంతానం మధ్య వివాదం చెలరేగింది.

అభిమానుల నిరీక్షణ

విలియమ్స్ విరమించిన తరువాత కూడా రెడ్ సాక్స్ 1967, 1975, 1986 సంవత్సరాలలో వరల్డ్ సిరీస్‌కు చేరి, మూడుసార్లూ ఏడవ ఆటలోనే ఓడింది. 1978లో ఒకే ఆటతో తేలిన పోటీలో యాంకీస్ చేతిలో ఓడింది. 1919 డిసెంబరులో బేబ్ రూత్ అనే మహా ఆటగాణ్ణి యాంకీస్‌కు అమ్ముకున్నందుకు తగిలిన శాపమే ఇదని అభిమానులు చెప్పుకునేవారు. శాపం మాట ఎలా ఉన్నా, తండ్రి 1946 గురించి, కొడుకు 1978 గురించి, మనుమడు 1986 గురించి చెప్పుకోవడం బోస్టన్ పరిసర ప్రాంతాలలో కుటుంబ సంప్రదాయంగా మారింది.

2004 అక్టోబరు 27న సెయింట్ లూయిస్ నగరంలో, 1946లో తమను ఓడించిన కార్డినల్స్ జట్టునే ఓడించి రెడ్ సాక్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. 86 ఏళ్ళ నిరీక్షణ ముగిసింది. యాభై ఎనిమిదేళ్ళపాటు నింద మోసిన జానీ పెస్కీ ఎనభై అయిదేళ్ళ వయసులో ఆ విజయాన్ని కళ్ళారా చూశాడు. తరువాతి రోజులలో అనేకమంది అభిమానులు శ్మశానాలకు వెళ్ళి, ఈ రోజు కోసం ఎదురుచూస్తూ కన్నుమూసిన తమ తల్లిదండ్రుల, తాతల సమాధులపై రెడ్ సాక్స్ టోపీలు, జెండాలు ఉంచారు.